పద్నాలుగో ప్రశ్నకు సున్నా

గురజాల బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందని సంబరపడి ఎంతోసేపు కాలేదు, దగ్గు మొదలయింది. నకరికల్లు దాటాక రోడ్డుకి రెండువైపులా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎండ నడినెత్తికి వచ్చే వేళ ఎవరో కాయల్ని తిరగేస్తున్నట్టున్నారు, ఆ ఘాటంతా గాలితో పాటు బస్సెక్కేసింది. కండక్టరు మొదలుకొని అందరూ దగ్గేవాళ్లే, తుమ్మేవాళ్లే. వెనక సీట్లోంచి ఒక పెద్దావిడ "ఆ అద్దం మూయవే తల్లీ, నీకు పుణ్యముంటది" అని అరిచింది. మూశాను. కళ్లు తుడుచుకున్నాను. అందరి కళ్లలోనూ నీళ్లే కాబట్టి నన్నెవరూ వింతగా చూడలేదు. నా కన్నీళ్లలో సగమే మిరపకాయలవి. మిగతా సగం ఒక పరీక్ష ప్రశ్నది. ఎండుమిరప ఘాటు ముక్కుకి తగిలితే చాలు, నాకు ఆ ప్రశ్న గుర్తొస్తుంది, దాని వెంటే బేగం మేడమ్ గుర్తొస్తారు.

ఆవిడ పూర్తి పేరు జానీ బేగం. నకరికల్లు దగ్గర లోపలికి ఉన్న ఒక ఊళ్లో, హైస్కూల్లో ఫిజికల్ సైన్సు టీచరు. నాకు మొదటి ఉద్యోగం ఆ స్కూల్లోనే వచ్చింది. నేను బయాలజీ. నరసరావుపేటలో మాకు బట్టల కొట్టు. టౌను పిల్లని, మార్కుల పిల్లని, ముక్కు మీద కోపం ఉన్న పిల్లని. ఆవిడదీ నరసరావుపేటే. వాళ్ల నాన్న సర్దార్ గారికి మోటార్లు రీవైండింగ్ చేసే షాపు ఉండేది. చుట్టుపక్కల పొలాల్లో కాలిపోయిన మోటార్లన్నీ అక్కడికే వచ్చేవి. శివరాత్రికి కోటప్పకొండ ప్రభలకు లైట్లు కట్టేవాళ్లు కూడా వైర్లకీ హోల్డర్లకీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. "మా నాన్న నాకు అ ఆల కంటే ముందు ఫేజూ న్యూట్రలూ నేర్పిండు" అని బేగం మేడమ్ నవ్వుతూ చెప్పేవారు. ఆవిడ హ్యాండ్‌బ్యాగులో అద్దం, దువ్వెన ఉండేవి కావు. ఒక టెస్టరు, నల్ల ఇన్సులేషన్ టేపు, కత్తెర ఉండేవి. స్టాఫ్‌రూములో ఫ్యాను ఆగితే కరెంటు పనివాడికి కబురు చేయడం మా స్కూల్లో ఎవరికీ తెలియదు.

చేరిన కొత్తలో ఆవిడంటే నాకు చిరాకుగా ఉండేది. ఎందుకో చెబితే నవ్వుతారు. ఆవిడ పేపర్లు దిద్దే తీరు. నేను ఒక పేపరు తీసుకుంటే మొదటి ప్రశ్న నుంచి చివరి ప్రశ్న దాకా దిద్దేసి, మార్కులు కూడేసి, పక్కన పెట్టి ఇంకొకటి తీసేదాన్ని. అందరూ చేసే పనే. ఆవిడ అలా చేయరు. ముందు అందరి మొదటి ప్రశ్నా దిద్దుతారు. కట్ట మొత్తం అయ్యాక మళ్లీ పైనుంచి మొదలుపెట్టి అందరి రెండో ప్రశ్నా దిద్దుతారు. మధ్యలో కట్టను పేకముక్కల్లా కలిపేస్తారు కూడా. నేను మూడు తరగతులు పూర్తి చేసేసరికి ఆవిడ ఒక తరగతితోనే కుస్తీ పడుతూ ఉండేవారు. మూడు నెలల పరీక్షలప్పుడు ఉండబట్టలేక అడిగేశాను.

"ఇట్లా అయితే సంక్రాంతి సెలవులకి కూడా తెమలవు మేడమ్. ఈ తిప్పలు ఎందుకు?"

ఆవిడ కళ్లజోడు మీంచి చూశారు. "నీ కట్ట ఇటివ్వు" అన్నారు. ఇచ్చాను. అందులోంచి రెండు పేపర్లు తీసి నా ముందు పక్కపక్కనే పెట్టారు. "ఈ ఇద్దరి మూడో ప్రశ్నా చదువు." చదివాను. దాదాపు ఒకే జవాబు. ఒక పాపకి రెండు మార్కులు వేశాను, ఇంకొక పాపకి అర మార్కు. నా చెవులు వేడెక్కాయి. "ఈ పిల్ల మొదటి రెండు ప్రశ్నలూ అచ్చుగుద్దినట్టు రాసింది. నీకు హాయిగా ఉంది. మూడోది సగం చదివి టిక్కు కొట్టినావు. ఆ పిల్ల మొదటి రెండూ తగలేసింది. నీకు చిరాకు పుట్టింది. ఆ చిరాకు మూడో దానికి తగిలింది. మూడో ప్రశ్న చేసిన పాపం ఏందే అమ్మాయ్?"

కట్ట తీసుకుని నా బల్ల దగ్గరికి వచ్చేశాను. ఇంటికెళ్లాక అమ్మ దగ్గర మాత్రం బాగా మాట్లాడాను, "ఆవిడకి అన్నీ తెలుసునని పెద్ద టెక్కు" అని. కానీ మర్నాడు ఎవరూ చూడకుండా నా కట్ట మళ్లీ ముందేసుకుని, అందరి మూడో ప్రశ్నా వరసగా దిద్దాను. పదకొండు మందికి మార్కులు మారాయి. అప్పుడు నాకు కోపం పోయి ఇంకేదో వచ్చింది. ఒక ప్రశ్నకి రాసిన జవాబు, ఇంకొక ప్రశ్న మార్కులో వేలు పెడుతుందా? ఎలా పెడుతుంది? ఎంత పెడుతుంది? ఆ కుతూహలం నన్ను ఇప్పటిదాకా వదల్లేదు.

అసలు సంగతి రెండో ఏడాది జరిగింది. నరసరావుపేటలో ఒక ట్రస్టు వాళ్లు పల్లెటూరి స్కూళ్ల నుంచి స్కూలుకి ఒకరు చొప్పున పదో తరగతి పిల్లల్ని తీసుకుని, రెండేళ్లు హాస్టల్లో పెట్టి ఇంటర్ సైన్సు ఉచితంగా చదివిస్తామన్నారు. ఆ ఒక్కరినీ స్కూలే సైన్సు పరీక్ష పెట్టి ఎంచి పంపాలి. మా స్కూల్లో పద్దెనిమిది మంది పేర్లిచ్చారు. బేగం మేడమ్ ఆ వారం ట్రైనింగుకి గుంటూరు వెళ్లాల్సి వచ్చింది. హెడ్మాస్టరు గారు పేపరు నన్ను రాయమన్నారు. నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. పుస్తకంలోంచి ఎత్తిరాసే ప్రశ్నలు వద్దు, పిల్లల బతుకులోంచి ఉండాలి అనుకున్నాను. ఫిబ్రవరి నెల, చుట్టూ మిరప కల్లాలు. ఇంకేం కావాలి? పద్నాలుగో ప్రశ్న కింద అయిదు బిట్లు రాశాను, బిట్టుకొక మార్కు. రామయ్య అనే రైతు కల్లంలో మిరపకాయలు ఎండబెట్టాడు. మొదటి బిట్టు, ఎండిన కాయల్ని ఏ వేళలో గోతాలకు ఎత్తితే మంచిది? రెండోది, ఆ వేళలో గాలిలో తేమ ఎక్కువా, తక్కువా? మూడోది, ఆ వేళలో కాయలోని నీరు ఏమవుతుంది? నాలుగోది, ఆ వేళనే ఎందుకు ఎంచుకున్నావు? అయిదోది, వేరే వేళలో ఎత్తితే జరిగే నష్టమేమిటి? రాసుకుని నాకు నేనే మురిసిపోయాను. నా లెక్క ప్రకారం మొదటి దానికి జవాబు మిట్టమధ్యాహ్నం. గాలిలో తేమ తక్కువ, నీరు ఆవిరవుతుంది, కాయ పొడిగా ఉంటుంది, పొద్దున్నే ఎత్తితే మంచు తడికి బూజు పడుతుంది. ఎంత చక్కగా ఒకదానికొకటి అతికిందో!

యాభై మార్కుల పరీక్షలో సుధీర్‌కి నలభై ఒకటి వచ్చాయి. ఊళ్లో ఎరువుల కొట్టు సుబ్బారావు గారి అబ్బాయి. తెలివైనవాడు, నెమ్మదస్తుడు. రెండో స్థానం నాగమణిది, ముప్పై ఎనిమిది. నాగమణి వాళ్లు కౌలుకి మిరప వేస్తారు. ఆ పిల్ల క్లాసులో చేయి ఎత్తిందంటే నాకు కాస్త భయంగా ఉండేది, ఏమడుగుతుందోనని. పద్నాలుగో ప్రశ్నలో అయిదింటికీ సున్నా తెచ్చుకుంది. 'ఇంట్లో మిరప పెట్టుకుని ఇదా రాయడం' అని నాకు ఒళ్లు మండింది కూడా. నోటీసు బోర్డు మీద సుధీర్ పేరు పెట్టేశాం. రెండు రోజుల తర్వాత నాగమణి నా దగ్గరికి వచ్చి, నేల చూపులు చూస్తూ, "టీచర్, ఇంటర్లో నేను సీఈసీ తీసుకుంటా. మా నాన్నకి కూడా చెప్పేసినా" అంది. సైన్సు వద్దు, కామర్సు చాలని. నేను ఏమన్నానో తెలుసా? "సరేలే, నీ ఇష్టం" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

బేగం మేడమ్ గుంటూరు నుంచి వచ్చాక ఆ కట్ట అడిగారు. పేపరు మెచ్చుకుంటారని ఆశపడుతూ ఇచ్చాను. చాలాసేపు తిరగేశారు. తర్వాత ఒక తెల్ల కాగితం తీసుకుని పద్నాలుగో ప్రశ్నకి ఎవరికెన్ని వచ్చాయో వరసగా వేశారు. ఎనిమిది మందికి అయిదుకి అయిదు. తొమ్మిది మందికి సున్నా. ఒక్కడికి రెండు.

"ఒకటి, మూడు, నాలుగు ఎవరికీ రాలేదేందే?" అన్నారు.

"తెలిసినవాళ్లు రాశారు, తెలియనివాళ్లు రాయలేదు మేడమ్."

"అయిదు ప్రశ్నలు వేరువేరుగా అడిగితే, ఒకడికి మూడు తెలుస్తాయి, ఒకడికి రెండు తెలుస్తాయి. ఇట్టా మధ్యలో నున్నగా గుండు కొట్టినట్టు ఉండదు. నువ్వు అడిగింది అయిదు ప్రశ్నలు కావు."

మళ్లీ తిరగేశారు. ఈసారి అయిదో ప్రశ్న దగ్గర ఆగారు. నీటి ఆవిరి చల్లబడి నీటి చుక్కలుగా మారడాన్ని ఏమంటారన్నది ఆ ప్రశ్న. "ఇక్కడ ఆరుగురు ముందు ఘనీభవనం అని రాసి, కొట్టేసి, సాంద్రీకరణం అని దిద్దుకున్నారు. ఆరుగురికీ ఒకేసారి ఎట్టా గుర్తొచ్చింది? ఎవరు చెవిలో చెప్పిందీ?" నాకు ఉలుకు పుట్టింది. పరీక్ష జరిగినంతసేపూ నేను కుర్చీలో కూడా కూర్చోలేదు, కాపలా కాశాను. "ఎవరూ చెప్పలేదు మేడమ్, ఒట్టు" అన్నాను. ఆవిడ ప్రశ్నపత్రం తీసి పదకొండో ప్రశ్న మీద వేలు పెట్టారు. 'సాంద్రీకరణం వల్ల తెల్లవారుజామున గడ్డి మీద నీటి చుక్కలు ఏర్పడతాయి' అని నేనే రాశాను. "ఇదిగో, ఇది చెప్పింది" అన్నారు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే తల కొట్టేసినట్టయింది. ఒక ప్రశ్న ఇంకొక ప్రశ్నకి జవాబు అందిస్తోంది. నేను కాపలా కాసింది పిల్లల్ని. పేపరుని ఎవరూ కాయలేదు.

"సరే, అది ఒక్క మార్కు సంగతి. పద్నాలుగోది అట్టా కాదు, రా" అని నన్ను లేబొరేటరీ గదిలోకి తీసుకెళ్లారు. టార్చి బల్బులు అయిదు, బ్యాటరీలు, వైరు ముక్కలు తీశారు. ఒకదాని తర్వాత ఒకటిగా అయిదు బల్బుల్నీ ఒకే వైరు మీద కలిపారు. అయిదూ మినుకుమినుకుమని వెలిగాయి. అప్పుడు మొదటి బల్బుని కొంచెం వదులు చేశారు. అయిదూ ఆరిపోయాయి.

"ఎన్ని బల్బుల్లో లోపముంది?"

"ఒక్కదాంట్లోనే."

"నువ్వు ఎన్ని మార్కులు కోసినావు?"

"అయిదు" అన్నాను.

"మా నాన్న షాపులో ఎవడైనా ఈ అయిదూ తెచ్చి అయిదూ కాలిపోయినాయంటే, రెండు చెంపలూ వాయించేవోడు. విడివిడిగా పెట్టి చూడరా, ఏది పోయిందో తెలుస్తది అనేవోడు. నీ ప్రశ్నలో మొదటిది తప్పితే మిగతా నాలుగూ పిల్ల చేతుల్లో ఉండవు. ఇంకో సంగతి. ఆ మొదటి బల్బన్నా నిజంగా పోయిందా అని చూశావా నువ్వు?"

నాకర్థం కాలేదు. ఆవిడ నాగమణి పేపరు నా చేతిలో పెట్టి గట్టిగా చదవమన్నారు. చదివాను. తెల్లవారుజామున ఎత్తాలి. అప్పుడు గాలిలో తేమ ఎక్కువ. కాయ కొంచెం తేమ పీల్చుకుని మెత్తబడుతుంది. మెత్తగా ఉంటే తొక్కినా విరగదు. మధ్యాహ్నం ఎత్తితే కాయ పెళపెళ విరిగి గింజ రాలిపోతుంది, ఘాటుకి మనుషులు నిలబడలేరు. దిద్దేటప్పుడు నేను ఇది చదవనే లేదని అప్పుడు తెలిసింది. మొదటి దానికి అడ్డగీత పెట్టాక, మిగతా నాలుగింటి మీదుగా కలం వేగంగా దిగిపోయింది. "బూజు పట్టదా మేడమ్ మరి?" అన్నాను, ఇంకా పట్టు వదలకుండా. "నాకేం తెలుసు? మోటార్లయితే చెప్పేదాన్ని. రేపు తెల్లారి ఆరింటికల్లా పోయి చూద్దాం. ఊహించబాకు" అన్నారు.

మర్నాడు తెల్లవారేసరికి ఇద్దరం నాగమణి వాళ్ల కల్లంలో ఉన్నాం. నరసరావుపేటలో పుట్టి పెరిగి నేను మిరప కల్లంలో కాలు పెట్టడం అదే మొదటిసారి. సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను. నలుగురు ఆడవాళ్లు అప్పటికే పనిలో ఉన్నారు. నిలబెట్టిన గోతంలోకి ఒకరు కాయ పోస్తుంటే, ఇంకొకరు అందులో దిగి అడుగులతో తొక్కుతున్నారు. ఇక్కడ ఆ గోతాన్ని టిక్కీ అంటారు. నాగమణి వాళ్లమ్మ కోటేశ్వరమ్మ గారు మమ్మల్ని చూసి కంగారుపడ్డారు. "ఏందమ్మా, మా పిల్ల ఏమన్నా తప్పు చేసిందా?" అని అడిగారు. "మీ పిల్ల కాదులే, మా పిల్ల చేసింది" అని బేగం మేడమ్ నన్ను చూపించారు. కోటేశ్వరమ్మ గారు ఒక కాయ నా చేతిలో పెట్టి వంచమన్నారు. వంచాను. తోలులా వంగింది, విరగలేదు. "పొద్దెక్కితే ఇది ఇట్టా ఉండదమ్మా. పెళుక్కుమంటది. ముక్కలైన సరుకు ఎవరు కొంటారు? అందుకే మంచు పదును మీదనే తొక్కేది. మరీ తడి ఉన్నరోజు ఎత్తం, బూజొచ్చిద్ది. అది చేతికి తెలుస్తది" అన్నారు. నేను ఒక కాయ రుమాల్లో కట్టుకుని తెచ్చి, స్కూల్లో ఎండలో పెట్టి, పన్నెండింటికి వంచి చూశాను. రెండు ముక్కలయింది. గింజలన్నీ నా ఒళ్లో పడ్డాయి.

కల్లంలో ఉండగానే నాగమణి నీళ్ల బిందెతో వచ్చింది. మమ్మల్ని చూసి ఆగిపోయింది. బేగం మేడమ్ పక్కకి తప్పుకున్నారు, నన్నే చెప్పమన్నట్టు. "నాగమణీ, నువ్వు పద్నాలుగో ప్రశ్నకి రాసింది కరెక్టమ్మా" అన్నాను. ఆ పిల్ల బిందె దించి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే ఉంది.

"మరి సున్నా ఎందుకేసినారు టీచర్?"

"నాకు తెలియక" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక నేనెప్పుడూ అనని మాట అది. పెద్ద పెద్ద కారణాలు చాలా పేర్చుకున్నాను మనసులో. గొంతులోంచి ఇదొక్కటే వచ్చింది.

ఇప్పుడే హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్లి, ఆ అయిదు మార్కులూ కలిపేసి నాగమణిని ఫస్టు చేసేద్దాం మేడమ్ అన్నాను. బేగం మేడమ్ ఒప్పుకోలేదు. "దాని అయిదు మార్కులు కలిపితే సరిపోయిద్దా? ఆ ఎనిమిదిమందికి ఊరికే వచ్చిన అయిదు మార్కులు ఏం చేస్తావు? అయిదో ప్రశ్న దిద్దుకున్న ఆరుగురిని ఏం చేస్తావు? ఈ పేపరుతో ఎవరికి ఎంత తెలుసో నీకూ తెలవదు, నాకూ తెలవదు." నేను ఇంకా వాదించాను, ఒక్క మొదటి బిట్టు వల్లే మిగతావి పోయాయని ఏమిటి నమ్మకం, పిల్లలకి అసలు తేమ సంగతే తెలియకపోవచ్చు కదా అని. "తెలుసుకుందాం" అన్నారు మళ్లీ. ఆ మాట అన్నప్పుడల్లా ఆవిడ ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగేది.

కత్తెర అప్పుడు బయటికి వచ్చింది. నా అయిదు బిట్లనీ విడగొట్టి, ఒకదాని మీద ఒకటి ఆధారపడకుండా కొత్తగా రాశాం. తెల్లవారుజామున గాలిలో తేమ ఎక్కువా, మధ్యాహ్నం ఎక్కువా? పెళుసుగా ఎండిన కాయని తేమ గాలిలో పెడితే ఏమవుతుంది? ఇలాగ. చీటీలుగా కత్తిరించి, కలిపేసి, తొమ్మిదో తరగతిలో సగం మందికి చీటీకొక ప్రశ్న చొప్పున ఒక్కొక్కరికీ అయిదేసి చీటీలు ఇచ్చాం. మిగతా సగం మందికి నా పాత పద్నాలుగో ప్రశ్న అలాగే ఇచ్చాం. సాయంత్రం ఇద్దరం స్టాఫ్‌రూములో కూర్చుని దిద్దాం. పాత ప్రశ్న రాసినవాళ్లలో మళ్లీ అదే తంతు, ఉంటే అయిదు, లేకపోతే సున్నా. చీటీలు రాసినవాళ్లకి రెండు, మూడు, నాలుగు, అక్కడక్కడ అయిదు, ఒకరిద్దరికి ఒకటి. నేను ఆ మార్కుల్ని చూస్తూ "అబ్బ!" అన్నాను గట్టిగా. ఒక్కొక్క పిల్లా ఒక్కొక్క మనిషిలా కనపడింది ఆ కాగితం మీద. పక్క గదిలోంచి హిందీ మేడమ్ పరుగెత్తుకొచ్చారు, పాము గానీ వచ్చిందేమోనని.

పరీక్ష మళ్లీ పెట్టాలంటే హెడ్మాస్టరు గారు ఒప్పుకోవాలి. బేగం మేడమ్ నాతో గది దాకా వచ్చి, తలుపు దగ్గర ఆగిపోయారు. "నేను మాట్లాడను. పేపరు నీది" అన్నారు. ఆ నాలుగడుగులు ఎలా వేశానో నాకే తెలియాలి. హెడ్మాస్టరు గారు అంతా విని తల పట్టుకున్నారు. "పేపరు రాసింది మీరే, తప్పని చెప్పేదీ మీరేనా? నేను ఊళ్లో ఏ ముఖం పెట్టుకుని తిరగాలమ్మా?" అన్నారు. "నా పేరే చెప్పండి సార్" అన్నాను. చెప్పారు కూడా, పాపం, మొహమాటం లేకుండా. మధ్యాహ్నానికల్లా సుబ్బారావు గారు స్కూలుకి వచ్చేశారు, సుధీర్ని వెంటబెట్టుకుని.

"బోర్డెక్కిన పేరు దించుతారా? ఇదేం స్కూలండీ? మావోడేమన్నా కాపీ కొట్టిండా?"

ఆయన కోపంలో న్యాయముంది. సుధీర్ ఏ తప్పూ చేయలేదు. అప్పుడు బేగం మేడమ్ మెల్లగా అడిగారు, "అన్నా, మీవోడు మళ్లా రాస్తే ఫస్టు రాడని నీకే అనుమానమా?"

సుబ్బారావు గారు కొడుకు వైపు తిరిగారు. సుధీరే అన్నాడు, "నేను రాస్తా నాన్నా. నాకు మిరప సంగతి ఏం తెలవదు. పుస్తకంలో ఎండకి నీరు ఆవిరైపోద్దని ఉంటే అది రాసినా." ఆ కుర్రాడి మీద నాకు ఆ రోజు పుట్టిన గౌరవం అలాగే ఉంది.

కొత్త పేపరు రాయడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. ప్రతి ప్రశ్ననీ చీటీ మీద రాసి, బల్ల మీద పరిచి, దేని మాట దేనికి వినపడుతుందో చూశాం. జవాబు అందించే ప్రశ్నల్ని చింపేశాం. ఒకదాని మీద ఇంకొకటి నిలబడేవాటిని విడదీశాం. మిరప గురించీ అడిగాం, ఎరువు గురించీ అడిగాం, ఎవరింటి పనీ ఎవరికీ అడ్డు రాకుండా. పద్దెనిమిది మందీ మళ్లీ రాశారు. ఈసారి ఇద్దరం కలిసి, ప్రశ్న తర్వాత ప్రశ్న దిద్దాం, పేర్లు చూడకుండా. చివర్లో కూడిక నేనే చేశాను.

సుధీర్‌కి నలభై మూడు. నాగమణికి నలభై రెండు.

నాకు ఏడుపు ఆగలేదు. "ఒక్క మార్కు మేడమ్! ఇంత చేసి ఒక్క మార్కు! ఎక్కడన్నా ఒకటి వేసి ఉండాల్సింది" అన్నాను. బేగం మేడమ్ కళ్లూ తడిగానే ఉన్నాయి. కానీ గొంతు మారలేదు. "వేస్తే మళ్లా నువ్వు మొదటికే వచ్చినట్టు. ఏడవబాకే. పోయి బోర్డు మీద పెట్టు."

పెట్టాను. నాగమణి చాలాసేపు బోర్డు ముందు నిలబడింది. సుధీర్‌తో ఏదో మాట్లాడింది. తర్వాత తిన్నగా స్టాఫ్‌రూములోకి వచ్చి, నా బల్ల ముందు నిలబడి, "నేను తప్పింది ఏది టీచర్?" అంది.

ఎక్కువ మార్కులు పోయింది ఎనిమిదో ప్రశ్నలో. బావిలో చేద నీళ్లలో ఉన్నంతసేపు తేలిగ్గా ఉండి, నీళ్ల పైకి రాగానే బరువెక్కుతుంది, ఎందుకని అడిగాం. నీళ్లలో భూమి లాగడం తగ్గుతుంది కాబట్టి అని రాసింది. "తగ్గదమ్మా. భూమి అంతే లాగుతుంది. నీరు కింద నుంచి పైకి తోస్తుంది" అన్నాను. నమ్మలేదు. "నీరు తోస్తే మరి రాయి మునుగుద్దేంది?" అని ఎదురడిగింది. లేబొరేటరీలోంచి స్ప్రింగు త్రాసు, రాయి, దారం, బకెట్టు తెచ్చుకుంది. రాయిని నీళ్లలో ముంచుతూ, పైకి తీస్తూ, అంకెలు చూస్తూ వరండాలో కూర్చుండిపోయింది. స్కూలు బెల్లు కొట్టినా లేవలేదు. బేగం మేడమ్ తలుపుకి ఆనుకుని ఆ పిల్లనే చూస్తున్నారు.

"మొన్న మూడు మార్కులు తక్కువైనప్పుడు ఈ మాట అడిగిందా నిన్ను?" అన్నారు.

"లేదు మేడమ్. సీఈసీ తీసుకుంటానంది."

"ఎట్టా అడుగుద్ది? అయిదూ ఆరిపోతే ఏది పోయిందని ఎవరు వెతుకుతారు, నేనే ఎందుకూ పనికిరాననుకుంటారు గానీ. ఇప్పుడు ఓడిపోయింది నిజంగానే. కానీ ఎక్కడ ఓడిందో దానికి తెలుసు. పోయి బాగుచేసుకుంటది."

నాగమణి ట్రస్టు సీటు లేకుండానే ప్రభుత్వ కాలేజీలో ఎంపీసీలో చేరింది. ఆ తర్వాత పెద్ద శాస్త్రవేత్త అయిందని రాయాలని నాకూ ఉంది, కాలేదు. నరసరావుపేటలో మట్టి పరీక్షలు చేసేచోట పనిచేస్తోంది. రైతులు తెచ్చే మట్టిలో ఏది తక్కువో చూసి చెబుతుంది. అప్పుడప్పుడు ఫోను చేసి నాకు తెలియని ప్రశ్నలు అడుగుతుంది. భయం ఇప్పటికీ పోలేదు.

బేగం మేడమ్ కన్నుమూసి రెండేళ్లవుతోంది. ఆవిడ లేరని తలుచుకుంటే నాకు దుఃఖం కంటే ముందు కోపం వస్తుంది, ఎవరి మీదో తెలియదు. ఆవిడతో ఇంకా తేలని వాదనలు చాలా మిగిలిపోయాయి. ప్రశ్నల మధ్య ఏ సంబంధమూ లేకుండా చేస్తే, పిల్లలకి లోకమంతా ముక్కలు ముక్కలుగా కనపడదా అని ఒకసారి అడిగాను. "మంచి ప్రశ్న. పరీక్ష చేసి చూడాలే" అన్నారు. ఇద్దరం చూద్దామనుకున్నాం. ఒక్కదాన్నే ఇంకా చూస్తున్నాను. పేపరు రాసిన ప్రతిసారీ, కావాలని మొదటి జవాబు తప్పు రాసి చూస్తాను, ఆ తర్వాత పిల్లకి లేచి నిలబడే చోటుందా అని. లేకపోతే చింపేస్తాను. దిద్దేటప్పుడు సున్నా వేయాల్సి వస్తే, కలం పక్కన పెట్టి ఆ పిల్లనే పిలిచి అడుగుతాను, ఇట్లా ఎందుకు రాశావమ్మా అని. చాలాసార్లు తప్పు పిల్లదే ఉంటుంది. అప్పుడప్పుడు నాది ఉంటుంది.